పులుపునకు ముందు

మా తండ్రిగారు కల్లుదుకాణమున్న వీధిని తప్పించి చుట్టుదారిని నడచువారు. ఆ యలవాటు మాకును వచ్చినది. కరీంనగరమున ఉపాధ్యాయులమైన పిమ్మట ఏటేట పిల్లలచేత మద్యపాననిషేధముపై వ్యాసములు వ్రాయించితిమి, ఉపన్యాసములిచ్చితిమి. కల్లు గీయువాడు కల్లు మానినచో మఱేమి అమ్మవలెనని మాత్ర మొక్కనాడైనను అడిగినవారము కాము.

గడచిన వేసవిలో మా పూర్వవిద్యార్థి యొకడు పిడికిలిలో నిమిడెడు నల్లని పెట్టెనొకదానిని తెచ్చి చూపెను. ముందువైపున ఎఱ్ఱని అంకెలు, వెనుక తీగెలు. దానితోడి కాగితముపై బీరుసీసా బొమ్మ! విదేశములలో ఇంట బీరు చేసికొనువారు వాడు విద్యుత్ ఉష్ణనియామకమట. మనకడ అనుమతి లేక మద్యము చేయుట నేరమని 1968 నాటి ఆబ్కారీ చట్టమే చెప్పుచున్నది. మేము మండిపడి, “గిందుకేనార నువ్వు చదువుకున్నది?” అంటిమి. వాడు మాఱు పలుకక పెట్టెను సంచిలో వేసికొని వెళ్లిపోయెను.

వాని తండ్రి గౌడు, తాళ్లెక్కువాడు. ఆ సంగతి మాకు తెలిసియే యుండెను. తెలిసియు నట్లంటిమి.

ఆ రాత్రి నిద్రపట్టక ఆ యంత్రమును గూర్చి చదివితిమి. విద్యుత్తుతో నడచు ఉష్ణనియామకమునకు 1883లో పేటెంటు పొందిన వారెన్ జాన్సన్ అమెరికాలోని వైట్‌వాటర్ అను ఊర ఉపాధ్యాయుడు. తరగతి గదిలో వేడి యెంతయున్నదో చూచుటకు నౌకరు మాటిమాటికి వచ్చి పాఠమునకు భంగము చేయుట ఓర్వక దానిని కల్పించెనట. పంతుళ్ల విసుగుకూడ ఒక్కొక్కప్పుడు పనికివచ్చును! బీరునకు దీని యవసరమేమనగా, పులియునప్పుడు ఈస్టు తానే వేడిని పుట్టించును. పాత్రలోని ద్రవము గదికంటె వెచ్చనగును. ఒకజాతి బీరునకు ఇరువది డిగ్రీలు చాలును. మిక్కిలి వేడెక్కినచో రుచి ఘాటెక్కి చెడును. మా ఊరి వైశాఖమున నలుబదిదాటిన యెండలో ఆ యీస్టు గతి యేమి?

అంతట మాకు తోచినది: వీనికి కావలసినది పులియుట కాదు, పులియకుండుట. ఆదివారమునాడు వాని ఊరికి పోతిమి.

మూతపడిన యొక దుకాణమునుండి కొన్న పాత ఐస్‌క్రీమ్ పెట్టె వసారాలో నున్నది. దానంతట దానిని విడిచినచో నీరా గడ్డకట్టును. అందుకే ఈ నియామకము. తీగెకొనయందలి గుండు వేడెక్కినకొలది దానిలో విద్యున్నిరోధము తగ్గును. అది గ్రహించి, అయిదు డిగ్రీలకు చేరగనే శీతలయంత్రమును నడపును, నాలుగునకు దిగగనే ఆపును. ఆగిన వెంటనే మరల నడపినచో కంప్రెసరు చెడును గనుక మూడు నిమిషములు ఓపిక పట్టును. ఆ గుండును గాలిలో వ్రేలాడనీయక పాత్రకే అంటించి కట్టవలెనని వాడు మాకు పాఠము చెప్పెను. మేము వింటిమి.

లొట్టి లోపల సున్నము పూసి పులుపును మందగింపజేయుట తాతలనాటి యుపాయమే. కాని అది కొన్ని గంటల మాట. తెల్లవారుజామున తీయగా దిగిన నీరా పొద్దెక్కులోపలనే కల్లగుచుండును. హైదరాబాదున హుస్సేన్‌సాగరు గట్టున 2023లో సర్కారువారు నీరా కేఫు తెఱచినప్పటినుండి వీనికి ఈ యాశ కలిగినదట.

“మరి అనుమతి?” అంటిమి.

“దరఖాస్తు పెడత సార్. ముందుగాల నిలుస్తదా లేదా చూస్తున్న.”

అంతలో కరెంటు పోయెను. ఎఱ్ఱని అంకెలు మాయమయ్యెను. వాడు తడిపిన గోనెసంచి మూతపై పఱచి, “మూత తెర్వకుంటె రెండుగంటలు ఏంగాదు సార్” అనెను. తండ్రి మోకు భుజమున వేసికొని వచ్చి మమ్ము చూచి నిలిచిపోయెను. “పంతులుసారు తాగుతడార?” అని కొడుకు నడిగెను.

వాడు మావైపు చూడలేదు. మేమే గ్లాసు అందుకొంటిమి. తీయగా, కొంచెము సున్నపువాసనతో నుండెను.

“పులిసిందా సార్?”

“పులువలేదు” అంటిమి. వానికి చెప్పవలసిన మఱియొక మాట గొంతులోనే యుండి, తిరుగు బస్సెక్కునప్పుడు గాని వెలికి రాలేదు. “గట్ల అనద్దుండెరా” అంటిమి. వాడు నవ్వి మా సంచిలో నొక సీసా పెట్టెను.

ఇంటికి వచ్చుసరికి అది వెచ్చబడినది. మా యావిడ బిరడా తీసి వాసన చూచి, ఫ్రిజ్జులో పాలప్రక్కన పెట్టవచ్చునా యని యడిగినది.