గుర్తు పెట్టినా, పెట్టకపోయినా

గోల్ఫ్ రూల్స్ పుస్తకంలో నాకు అన్నిటికంటే ఇష్టమైన ముక్క ఒకటుంది. పెనాల్టీ ఏరియా అంటే ఏమిటో చెప్తూ, కోర్సు మీద నీళ్ళుండే చోటు ఏదైనా సరే, కమిటీ దానికి గుర్తు పెట్టినా పెట్టకపోయినా, అది పెనాల్టీ ఏరియానే అంటుంది. సముద్రం, చెరువు, కుంట, ఏరు, కాలవ అని వరసగా చెప్పుకొచ్చి, కాలవల దగ్గర ఇంకో మాట కలుపుతుంది: అందులో నీళ్ళు లేకపోయినా సరే.

కథలూ నవలల గురించి రాసుకునే చోట ఈ రూల్స్ గోలేంటి అనుకోవచ్చు. నేను దాన్ని చదివింది ఒక మంచి వచనం చదివినట్టే. ఒక్క విశేషణం ఎక్కువుండదు. ఒక మాటకి ఒకసారి అర్థం చెప్పాక పుస్తకం చివరిదాకా ఆ మాట ఆ అర్థంలోనే వస్తుంది. మన విమర్శలో "వస్తువు", "శిల్పం" అన్న మాటలకి ఈ క్రమశిక్షణ ఉంటే ఎంత బాగుండేదో!

డాలస్‌కి మారిన మూడో ఏడు నుంచీ ఆడుతున్నాను. ఊరి మున్సిపల్ కోర్సు. అక్కడ ఎర్ర కర్రలు, పసుపు కర్రలు పాతాల్సిన చోట్ల సగం కర్రలుండవు. ఏడో హోల్ పక్కనున్న కాలవకైతే ఒక్కటీ లేదు. ఆగస్టు వచ్చేసరికి అది ఎండి నెర్రెలిచ్చి ఉంటుంది. నాతో ఆడే గుంటూరు కుర్రాడి బంతి అందులో పడింది. "కర్రల్లేవు, నీళ్ళూ లేవు మామా. ఇది ఉత్త గుంట. ఊరికే తీసి పక్కన పెట్టుకోవచ్చు," అన్నాడు. పందెం ఐదు డాలర్లు. బండి నీడలో నిలబడి ఫోన్లో పుస్తకం తెరిచాం.

ఊరికే తీసుకోవడానికి లేదు. పెనాల్టీ లేకుండా ఆడాలంటే ఉన్నచోటు నుంచే కొట్టాలి. అది ఎప్పుడూ ఆటగాడి హక్కే. 1999లో కార్నూస్టీలో బ్రిటిష్ ఓపెన్ ఆఖరి హోల్ దగ్గర ఫ్రెంచి ఆటగాడు జాన్ వాన్ డి వెల్డ్ బంతి బ్యారీ బర్న్ అనే వాగులో పడితే, ఆయన బూట్లూ సాక్సులూ విప్పి, ప్యాంటు పైకి మడిచి నీళ్ళలోకి దిగింది ఈ హక్కు కోసమే. కాసేపు నిలబడి, చూసి, మనసు మార్చుకుని బయటికొచ్చేశాడు. మూడు స్ట్రోకుల ఆధిక్యం ఆ ఒక్క హోల్‌లోనే పోయింది. ప్లేఆఫ్‌లో పాల్ లారీ గెలిచాడు.

దిగడం ఇష్టం లేకపోతే ఒక స్ట్రోకు కట్టాలి. కట్టాక ఇంతకుముందు కొట్టిన చోటికే వెనక్కి వెళ్ళొచ్చు. లేదా బంతి అంచు దాటిన చోటునీ హోల్‌నీ కలిపే గీత మీద ఎంత వెనక్కైనా పోవచ్చు. ఎర్ర గుర్తున్న చోటైతే మూడో దారి కూడా ఉంది: అంచు దాటిన చోటి నుంచి రెండు క్లబ్బుల పొడవు లోపల, హోల్‌కి దగ్గర కాకుండా, డ్రాప్ చేసుకోవచ్చు. మరి ఏ రంగూ లేని చోట? ఎరుపే అనుకోమంటుంది పుస్తకం. 2019లో రూల్స్‌ని తిరగరాసినప్పటి నుంచీ ఇంతే. కమిటీ పట్టించుకోకపోతే ఆటగాడికి దక్కేది రెండిట్లో ఉదారమైన రంగు. రోజూ డీఫాల్టు విలువల గురించి కొట్టుకునే ఉద్యోగం నాది. ఇంత మర్యాదగల డీఫాల్టుని ఆఫీసులో తక్కువగా చూశాను.

మావాడు అంత తేలిగ్గా వదల్లేదు. "ఎప్పుడూ ఎండిపోయే ఉంటే కాలవ ఎట్లవుద్ది?" అన్నాడు. దానికీ జవాబుంది. మామూలుగా నీళ్ళుండని కాలవని కమిటీ కావాలంటే మామూలు నేల కింద ప్రకటించొచ్చు. కానీ ప్రకటించాలి. ఏమీ అనకుండా ఊరుకుంటే అది కాలవే. వాడు స్ట్రోకూ కట్టాడు, ఐదు డాలర్లూ ఇచ్చాడు, రెండు వారాలు సరిగ్గా మాట్లాడలేదు.

అసలు కర్రలు వచ్చింది తర్వాత. 1744లో ఎడిన్‌బరా పక్కన లీత్‌లో ఆడే పెద్దమనుషులు రాసుకున్న మొట్టమొదటి రూల్సు 13. అందులో ఐదోది నీళ్ళ గురించే. బంతి నీళ్ళలో గానీ నీళ్ళూరే మురికిలో గానీ పడితే తీసి, వెనక్కి తెచ్చి ఆడుకో, అవతలివాడికి ఒక స్ట్రోకు ఇచ్చెయ్ అని దాని సారాంశం. కర్ర ఊసే లేదు. నీళ్ళని చూస్తే నీళ్ళని తెలియదా అన్న నమ్మకం. అప్పటికి ప్రతి గుంటా గుర్తులేని గుంటే కదా. 2019లో "వాటర్ హజార్డ్" అన్న పాత పేరు తీసేసి "పెనాల్టీ ఏరియా" అన్నారు, నీళ్ళు లేని అడవినీ ఎడారినీ కూడా కమిటీలు అందులో కలుపుకోవచ్చని. సౌకర్యమే కానీ నాకు బాధగానే ఉంది. హజార్డ్ అనేది ఒకప్పటి పాచికలాట పేరు. పెనాల్టీ అంటే ట్రాఫిక్ చలానా గుర్తొస్తుంది.

చుట్టపుచూపుగా వచ్చిన నీళ్ళకి వేరే పేరుంది: టెంపరరీ వాటర్. వాన వెలిసాక ఫెయిర్‌వే మీద నిలిచిన మడుగు, చెరువు పొంగి అంచు దాటి బయటికొచ్చిన నీళ్ళు, ఇవన్నీ ఆ కోవలోకే వస్తాయి. వీటిలోంచి తీసుకోవడానికి పెనాల్టీ లేదు. మంచుబిందువులు మాత్రం లెక్కలోకి రావు. అంటే కళ్ళ ముందు మోకాలి లోతు నీళ్ళున్న చోట శిక్ష లేకపోవచ్చు, చుక్క నీరు లేని చోట ఉండొచ్చు. బంతి కనిపించకపోతే మూడు నిమిషాలు వెతకాలి. నీళ్ళలోనే పడిందనాలంటే కనీసం 95 శాతం నమ్మకం ఉండాలి. లేకపోతే పోయిన బంతి కింద లెక్క, మళ్ళీ మొదటి చోటికే నడక. ఆ 95ని లెక్కగట్టేది ఎవరు? ఎక్కువసార్లు బంతి పోగొట్టుకున్నవాడే. మున్సిపల్ కోర్సులో రిఫరీ ఎక్కడుంటాడు?

ఇంతకీ గుర్తు లేనప్పుడు అంచు ఎక్కడ? నీళ్ళు ఇప్పుడు ఎక్కడిదాకా ఉన్నాయన్నది లెక్క కాదు. నీళ్ళని పట్టగల పల్లంగా నేల ఎక్కడ వంగడం మొదలెడుతుందో, అదీ అంచు. ఈ వాక్యం నాకు ఆటలో కంటే బయట ఎక్కువ పనికొచ్చింది.

మా నాన్న లెక్చరర్‌గా రిటైరయ్యారు. పోయిన చలికాలం హైదరాబాద్ శివార్లలో ఒక ప్లాటు చూశారు. 28 లక్షలు, దాదాపు ఆయన రిటైర్మెంటు డబ్బంతా. రెండు లక్షలు అడ్వాన్సు ఇచ్చేశాకే నాకు చెప్పారు. వీడియో కాల్‌లో ప్లాటంతా తిప్పి చూపించారు. చదునుగా, పొడిగా, బాగుంది. బోర్డు లేదు, హద్దురాయి లేదు. "కాగితాలన్నీ క్లియర్‌రా, లాయరు కూడా చూశాడు," అన్నారు. నేను చూస్తున్నది వెనకాల. మూడువైపులా నేల మెల్లగా లేస్తోంది. నాలుగోవైపు పొడుగ్గా ఒక మట్టి దిబ్బ, దాని మీద బైకులు పోతున్నాయి. మధ్యలో తుమ్మచెట్లు.

"నాన్నా, ఆ దిబ్బ ఏంటి?"

"రోడ్డు."

"పక్కనంతా పల్లంగా ఉంటే రోడ్డు ఒక్కటే అంత ఎత్తున ఎందుకుంది?"

ఆయన కాసేపు మాట్లాడలేదు. తర్వాత కోప్పడ్డారు. అక్కడ కూర్చుని ఇక్కడి నేల గురించి చెప్తావా అన్నారు. న్యాయమే, నేనున్నది డాలస్‌లో. 2020 అక్టోబరు వానలకి హైదరాబాద్‌లో చెరువులు కాలనీల్లోకి వచ్చినప్పుడు కూడా నేను ఇక్కడే ఉండి ఫోన్లో చూశాను. శిఖం భూమి, ఎఫ్‌టీఎల్ లాంటి మాటలు ఆయనకి నాకంటే బాగా తెలుసు. అవి కాగితాల్లో కనపడాలి అనుకున్నారంతే. గోల్ఫ్ సంగతి మాత్రం నేను ఎత్తలేదు. ఎత్తుంటే ఫోన్ పెట్టేసేవారు.

నాలుగు రోజుల తర్వాత నాకు చెప్పకుండా ఆయనే మళ్ళీ వెళ్ళారట. అక్కడ గొర్లు కాస్తున్న ముసలాయన్ని, వానాకాలం కూడా ఇక్కడికే తోలుకొస్తావా అని అడిగారట. "అలుగు పారుతుంటే ఈడ యాడ మేపుత సారూ?" అన్నాడట ఆయన. అలుగు ఎక్కడుందో కూడా చూపించాడు. తుమ్మచెట్ల వెనక, సగం మట్టిలో కూరుకుపోయి, రాళ్ళు ఇంకా గట్టిగానే ఉన్నాయట. ఫొటో పంపారు, కింద ఒక్క ముక్క కూడా రాయకుండా.

అడ్వాన్సు ఇంకా వెనక్కి రాలేదు. అమ్మినతను ఫోనెత్తినప్పుడల్లా ఒకటే అడుగుతున్నాడట: "సార్, అక్కడ బోర్డేమన్నా ఉందా, మీరే చెప్పండి."