క్రిస్మస్ సంతలకు మా ప్రయాణ సన్నాహము



మా పెద్దమ్మాయి నర్సు శిక్షణ ముగించి, జర్మను భాష నేర్చుకొని, జర్మనీ దేశములోని డ్రెస్డెను నగరములో ఒక ఆసుపత్రిలో పని చేస్తున్నది. పోయిన క్రిస్మస్ రాత్రి ఆరాధన ముగించుకొని మేము ఇంటికి వచ్చేసరికి తెల్లవారుజామున రెండు గంటలయింది. అక్కడ అప్పుడు రాత్రి తొమ్మిదిన్నర. ఆమె ఫోను చేసింది. “నాన్నా, ఇక్కడ వీధులన్నీ దీపాలే. అందరూ ఎవరిళ్ళకు వాళ్ళు వెళ్ళిపోయారు. నేను డ్యూటీలో ఉన్నాను. వచ్చే ఏడు మీరూ అమ్మా రండి. టికెట్లు నేను కొంటాను. ఇక్కడి క్రిస్మస్ సంతలు మీకు చూపించాలి” అన్నది. ఆ గొంతులో సంతోషముకంటె ఒంటరితనమే మాకు ఎక్కువగా వినిపించింది.

అమ్మగారు ఆ రాత్రి నిద్రపోలేదు. అయితే కాపరికి డిసెంబరు నెలలో సెలవెక్కడిది? సెమీ క్రిస్మస్‌లు, ఇంటింటి పాటలు, బాప్తిస్మపు తరగతులు, అన్నీ ఆ నెలలోనే. సంఘ పెద్దల కూటములో విషయము చెప్పినప్పుడు ఒక పెద్ద లేచి, “అయ్యగారూ, గుడి రేకులు కారుతున్నాయి, మీరు విమానమెక్కి సంత చూడబోతారా?” అని సూటిగానే అడిగారు. మాకు నొప్పి కలిగింది గాని అందులో తప్పు కనబడలేదు. కూటము ముగిసిన తరువాత ముందు వరుసలో కూర్చునే ముసలి అవ్వ ఒకామె దగ్గరకు వచ్చి, “అయ్యా, ఆ సంతలో యేసయ్యను అమ్ముతారా?” అని అడిగింది. ఆ ప్రశ్నకు అప్పుడు జవాబు చెప్పలేకపోయాము. కొన్ని నెలలుగా ఆ సంతల చరిత్ర చదువుతూ, మా అమ్మాయిని అడిగి తెలుసుకుంటూ జవాబు వెదుకుతున్నాము.

సంత ఎప్పుడు, ఎట్లా?

మొదట తెలిసిన సంగతే మా చిక్కును సగము విప్పింది. ఈ సంతలు క్రిస్మస్ దినమున జరిగేవి కావు. ఇవి ఆగమన కాలపు సంతలు. నవంబరు చివరలో మొదలై, చాలా ఊళ్ళలో డిసెంబరు 24 నాటికి ముగిసిపోతాయి. ఆగమన కాలమునకు ముందు ఆదివారమున జర్మనీలోని ప్రొటెస్టెంటు సంఘములు ఆ ఏడు చనిపోయిన వారిని పేరు పేరున జ్ఞాపకము చేసుకుంటాయి. 1816లో ప్రష్యా రాజు ఏర్పాటు చేసిన దినమది. అనేక సంతలు ఆ ఆదివారము గడిచిన తరువాతనే తెరుస్తారు. మొదట కన్నీరు, ఆ తరువాత దీపములు. ఈ వరుస మాకు ఎంతో నచ్చింది.

కనుక నవంబరు చివరి వారములో బయలుదేరి, రెండవ ఆగమన ఆదివారము అక్కడ గడిపి, వెంటనే తిరిగి రావాలని నిశ్చయించుకున్నాము. క్రిస్మస్ ఆరాధన మన గుడిలోనే.

ముందుగా నురెంబర్గు చేరాలని అనుకున్నాము. హైదరాబాదు నుండి ఫ్రాంక్‌ఫర్టుకు 2024లో నేరుగా విమానము మొదలైనది. ఫ్రాంక్‌ఫర్టు నుండి నురెంబర్గుకు రైలులో రెండు గంటల పైచిలుకు. మొదటి ఆగమన ఆదివారమునకు ముందు శుక్రవారము సాయంత్రము ఐదున్నరకు అక్కడి సంత ప్రారంభమవుతుంది. ఆ ఊరి అమ్మాయి ఒకతె తెల్లని, బంగారు వన్నె వస్త్రములు ధరించి, కిరీటము పెట్టుకొని, గుడి వసారా పైనుండి అందరికీ స్వాగతము పలుకుతుంది. ఆమెను ‘క్రీస్తు శిశువు’ అని పిలుస్తారు. పూర్వము పిల్లలకు కానుకలు డిసెంబరు 6న నికొలాసు భక్తుని పండుగకు ఇచ్చేవారు. సంస్కరణోద్యమము వచ్చిన తరువాత, చూపు భక్తుల మీద నుండి ప్రభువు మీదికి మళ్ళాలని ఆ వాడుకను క్రిస్మస్‌కు మార్చారు. ఆ పేరు అట్లా వచ్చినది. ఈ సంతకు దొరికిన అతి పాత ఆధారము 1628 నాటి ఒక చిన్న చెక్క పెట్టె. ఎరుపు తెలుపు చారల గుడ్డ కప్పిన కొయ్య అంగళ్ళు ఇక్కడి ప్రత్యేకత. 1945లో బాంబుల వలన పాత నగరము నేలమట్టమయింది. 1948లో, ఇంకా శిథిలములు తీయక ముందే, జనులు ఈ సంతను మరల తెరిచారు.

అక్కడ అమ్మే తేనె రొట్టె పేరు లెబ్‌కూహెను. దానిలో దాల్చినచెక్క, లవంగము, యాలకులు వేస్తారు. ఇవన్నీ ఒకప్పుడు మన తూర్పు దేశముల నుండి ఓడలలో వెనిసు నగరము చేరి, అక్కడి నుండి నురెంబర్గు వర్తకుల చేతికి వెళ్ళేవి. ఈ రొట్టెను పలుచని బిళ్ళ మీద పోసి కాలుస్తారు. ప్రభురాత్రి భోజనమునకు మనము వాడే పలుచని అప్పము వంటిదే అది.

లేమిలో పుట్టిన సంత

తరువాత మా అమ్మాయి ఉన్న డ్రెస్డెను. అక్కడి సంత 1434లో మొదలైనది. క్రిస్మస్‌కు ముందు సోమవారము ఒక్క దినము మాంసము అమ్ముకొనుటకు సాక్సనీ పాలకుడు సెలవిచ్చాడు. ఆగమన కాలమంతా అక్కడ ఉపవాసము. పండుగ నాటి కూర కొనుక్కొనుటకు ఒక్క దినపు అంగడి. అంతే! ఆ ఊరి పండుగ రొట్టె స్టోలెను కూడ ఆ లేమిలో పుట్టినదే. ఉపవాస దినములలో వెన్న, పాలు నిషేధము గనుక పిండి, నీరు, నూనెతోనే చేసేవారు. ఆ నూనె రుచి బాగుండదని సాక్సనీ పాలకులు పోపుగారికి మనవి చేసుకోగా 1491లో వెన్న వాడుటకు అనుమతి వచ్చినది. నేడు ఎండుద్రాక్ష, బాదము, వెన్న దట్టించి చేస్తారు. పైన తెల్లని చక్కెర పొడి చల్లిన ఆ రొట్టె, పొత్తిగుడ్డలతో చుట్టిన శిశువును పోలినదని చెప్పుకుంటారు.

డ్రెస్డెనులో మేము తప్పక చూడదలచినది సంత ప్రక్కన ఉన్న ఫ్రావెన్‌కిర్కె అను ప్రొటెస్టెంటు దేవాలయము. 1945 ఫిబ్రవరిలో ఇంగ్లాండు, అమెరికా విమానములు బాంబులు వేసినప్పుడు అది కాలి కూలిపోయింది. నలుబది సంవత్సరములకు పైగా రాళ్ళ కుప్పగానే ఉన్నది. 1994 నుండి 2005 వరకు దానిని తిరిగి కట్టారు. శిఖరము మీది బంగారు సిలువను చేసినవాడు లండను నగరపు పనివాడు. అతని తండ్రి ఆ రాత్రి బాంబులు వేసిన పైలట్లలో ఒకడు. తండ్రి కూల్చిన చోట కుమారుడు సిలువ నిలబెట్టాడు. క్షమాపణను గూర్చి మేము చేసిన ప్రసంగములన్నిటికంటె ఈ ఒక్క సంగతి పెద్దదని మాకు తోచింది.

దక్షిణమున గనుల కొండలున్నవి. ఆ ప్రాంతపు గని కార్మికులు చలికాలమున పొద్దు పొడవక ముందే భూమిలోనికి దిగి, పొద్దు క్రుంకిన తరువాత పైకి వచ్చేవారు. వారికి వెలుగు కనబడేది ఆదివారమే. అందుకే డిసెంబరులో ప్రతి కిటికీలో దీపము పెట్టేవారు. ఇంటిలో ఎందరు మగపిల్లలో అన్ని కొయ్య గనివారి బొమ్మలు, ఎందరు ఆడపిల్లలో అన్ని కొయ్య దేవదూతలు, చేతులలో క్రొవ్వొత్తులతో నిలబెట్టేవారు. గనులు తగ్గిపోయిన తరువాత ఆ జనులు కొయ్య చెక్కడమే వృత్తిగా చేసుకున్నారు. నేడు సంతలో మనము చూచే బొమ్మలు వారి చేతి పనే.

తూర్పున హెర్న్‌హూటు అను చిన్న ఊరున్నది. 1722లో మొరావియా నుండి విశ్వాసము కొరకు పారిపోయి వచ్చినవారు దానిని కట్టారు. వారి పాఠశాలలలో దూరదేశములలో మిషనరీలుగా ఉన్నవారి పిల్లలు హాస్టలులో ఉండి చదువుకునేవారు. రెండు వందల సంవత్సరముల క్రితము నీస్కీ ఊరి బడిలో లెక్కల పాఠముగా కాగితపు నక్షత్రము చేయించారు. తలిదండ్రులకు దూరమైన పిల్లలు ఆగమన కాలమున దానిలో దీపము పెట్టి వ్రేలాడదీసేవారు. మన పల్లెలలో వెదురు బద్దలకు రంగు కాగితము అంటించి ఇంటి ముందు కట్టే నక్షత్రము మాకు జ్ఞాపకము వచ్చింది. 1842లో మన గుంటూరుకు సువార్త తెచ్చిన ఫాదర్ హయ్యరుగారు కూడ 1793లో జర్మనీలోని హెల్మ్‌స్టెడ్టులో పుట్టినవారే. వారు మన పల్లెల కొరకు ఇల్లు విడిచారు. ఇప్పుడు మన పిల్లలు వారి ఆసుపత్రులలో రోగులకు సేవ చేస్తున్నారు.

వెళ్ళేవారికి కొన్ని మాటలు

పిల్లలు విదేశములలో ఉన్న కుటుంబములు మన సంఘములలో అనేకము గనుక కొన్ని సంగతులు వ్రాస్తున్నాము. వీసా దరఖాస్తు ప్రయాణమునకు ఆరు నెలల ముందు నుండి ఇవ్వవచ్చును. ఆలస్యము చేయవద్దు. 2024 జూను నుండి రుసుము పెద్దలకు ఒక్కొక్కరికి 90 యూరోలు. కనీసము 30,000 యూరోలకు వైద్య బీమా ఉండవలెను. మీరు తిరిగి వస్తారని చూపుటకు ఉద్యోగపు కాగితము, పొలము కాగితము వంటివి కావాలి. మేము సంఘము ఇచ్చిన సెలవు పత్రము పెడుతున్నాము. అమ్మగారి షుగరు మాత్రలకు డాక్టరు చీటీ కూడ జతపరిచాము.

అక్కడ సాయంత్రము నాలుగింటికే చీకటి పడుతుంది. రాళ్ళు పరచిన వీధులలో నిలబడితే చలి పాదముల నుండి ఎక్కుతుందట. మందమైన అడుగు గల బూట్లు, ఊలు మేజోళ్ళు ముఖ్యము. అంగళ్ళలో వేడిగా అమ్మే గ్లూవైను ద్రాక్షామద్యమే. మన వారు పిల్లల పానీయము అని అడిగితే మద్యము లేని పండ్ల రసము వేడిగా ఇస్తారు. కప్పుకు ముందుగా కొంత డబ్బు తీసుకొని, కప్పు తిరిగి ఇచ్చినప్పుడు ఇచ్చేస్తారు. 2016లో బెర్లినులో, 2024లో మాగ్దెబుర్గులో ఇట్టి సంతల మీదికి వాహనములు తోలి జనులను చంపిన దుర్మార్గములు జరిగినవి. ఇప్పుడు కాపలా ఎక్కువ. పెద్ద సంచులు తీసికొని వెళ్ళకపోవుట మేలు.

అవ్వకు మా జవాబు

చివరకు ఆ అవ్వ ప్రశ్నకు జవాబు మాకు సంతలో దొరకలేదు, బండి చక్రము దగ్గర దొరికింది. హాంబర్గు నగరములో యోహాన్ విఖెర్ను అను దైవసేవకుడు దిక్కులేని పిల్లల కొరకు ఒక ఆశ్రమము నడిపేవాడు. క్రిస్మస్ ఎప్పుడు, ఎప్పుడు అని ఆ పిల్లలు రోజూ అడిగేవారు. 1839లో ఆయన ఒక పాత బండి చక్రము తీసి, దాని మీద ఆదివారములకు నాలుగు పెద్ద తెల్లని క్రొవ్వొత్తులు, మిగిలిన దినములకు చిన్న ఎర్రనివి నిలిపి, దినమునకొకటి వెలిగించాడు. నేడు లోకమంతట దేవాలయములలో కనబడే ఆగమన దీపమాలకు మొదలు అదే.

మేము అవ్వ ఇంటికి వెళ్ళి చెప్పాము. “అమ్ముతారు అవ్వా, కొయ్యతో చెక్కిన యేసయ్యను అమ్ముతారు. కాని ఆ దీపములు మొదట వెలిగించినవారు కొనేవారు కారు. ఆకలిగా ఉన్నవారు, చీకటిలో పని చేసినవారు, అమ్మానాన్నలు దగ్గర లేని పిల్లలు.” అవ్వ కొంచెము సేపు ఊరకుండి, “అయితే మనవంటోళ్ళేగా! పోయిరా అయ్యా, పిల్లను చూసిరా” అన్నది.

అక్కడ కొనుటకని దాచిన సొమ్ము గుడి రేకులకు ఇచ్చివేశాము. ఒక్క కాగితపు నక్షత్రము మాత్రము తెస్తాము. మా ఊరి వడ్రంగి తన దొడ్డిలోని పాత ఎద్దులబండి చక్రము ఒకటి ఇస్తానన్నాడు. మేము లేని ఆ మొదటి ఆగమన ఆదివారమున అవ్వే దాని మీద మొదటి క్రొవ్వొత్తి వెలిగిస్తుంది.

ప్రియ పాఠకులారా, విమానమెక్కుట అందరికీ వీలు కాదు. చక్రము, నాలుగు క్రొవ్వొత్తులు ఏ పల్లెలోనైనా దొరుకును. ఈ ఆగమన కాలములో మీ ఇంటినుండి దూరముగా ఉన్న బిడ్డకు, మీ వీధిలో ఒంటరిగా ఉన్న వృద్ధునికి ఒక్క దీపముగా ఉండండి. మా ప్రయాణము కొరకు ప్రార్థించండి.