చంద్రుణ్ణి ఎవరు ముట్టుకున్నారు?



మా కాలేజీలో ఖగోళ క్లబ్బు ఒకటుంది. ఫిజిక్స్ పిల్లలు పెట్టుకున్నది. నేను తెలుగు పంతుల్ని. అయినా నన్ను సలహాదారుణ్ణి చేశారు, నోటీసుల్లో అచ్చుతప్పులు దిద్దే మనిషి కావాలి కదా. వాళ్ల పనులు మీకు తెలిసినవే. ఫిబ్రవరి 28 సైన్స్ దినోత్సవానికి పోస్టర్లు, క్విజ్, ఒక ఉపన్యాసం, అప్పుడప్పుడు రాత్రిపూట టెలిస్కోపు. మంచి పనులే, కాదనను.

నా పేచీ ఒక్కటే. ‘మూఢనమ్మకాలపై అవగాహన’ అనగానే బండి తిన్నగా మన వాడకే ఎందుకొస్తుంది?

2025 సెప్టెంబరు 7, ఆదివారం రాత్రి సంపూర్ణ చంద్రగ్రహణం. క్లబ్బు పిల్లలు ముందే జాబితా రాసుకొచ్చారు. రెండు దళితవాడలు, ఒక తండా. ఇవే ఎందుకని అడిగాను. "అక్కడే నమ్మకాలు ఎక్కువ సార్" అన్నాడు సీనియర్. మన వాడ నుంచి వచ్చిన సెకండియర్ అమ్మాయి అప్పటిదాకా నోరు విప్పలేదు. "మా వాడలో మూసెయ్యడానికి గుడే లేదన్నా. పట్టుస్నానం, విడుపుస్నానం మాకెవరు చెప్పిన్రు?" అంది.

ఆ మాట పట్టుకొని పంచాంగం తెప్పించి వాళ్ల ముందు పెట్టాను. గ్రహణం మొదలయ్యే గడియకు అందులో ఏమని రాస్తారు? స్పర్శ కాలం. విడిచే గడియకు మోక్ష కాలం. రాహువు చంద్రుణ్ణి ముట్టుకున్నాడు, మైలపడింది, కడుక్కోవాలి. అస్పృశ్యతలో ఉన్నది కూడా ఆ స్పర్శే. మనిషి ముట్టుకుంటే మైల అన్న బుర్రే ఆకాశాన్నీ అట్లా చదివింది. చంద్రుణ్ణి కప్పేది భూమి నీడేనని 499లోనే ఆర్యభటుడు రాశాడు. పంచాంగం లెక్కకట్టేవాళ్లూ ఆ నీడ లెక్కతోనే నిమిషాలతో సహా చెబుతారు. నీడ అని తెలిసే మైల అని అచ్చు వేస్తున్నారన్నమాట. దీన్ని అజ్ఞానం అందామా? మహారాష్ట్రలో గ్రహణం వేళ దానం చేయండి, గ్రహణం విడుస్తుందని అరుస్తూ వీధులు తిరిగే పని మాంగులది. మన మాదిగల వంటివాళ్లు. నమ్మకం ఒకరిది, అడుక్కునే వంతు ఇంకొకరిది.

మన భాష తక్కువదేం కాదు. బిడ్డ పై పెదవి చీలి పుడితే గ్రహణం మొర్రి అంటాం. ఆ పెదవి కలవాల్సింది గర్భం మొదటి వారాల్లో, నాలుగుకూ ఏడుకూ మధ్య. అప్పటికి చాలామంది తల్లులకు కడుపుతో ఉన్నామనే సరిగా తెలియదు. కారణాలు వంశంలో ఉండొచ్చు, తినే తిండిలో ఉండొచ్చు, కొన్ని మందుల్లో ఉండొచ్చు. కానీ పేరులోనే తీర్పు ఉంది: తల్లి బయటికి వచ్చింది, కాబట్టి తల్లిదే తప్పు.

1980 ఫిబ్రవరి 16న సంపూర్ణ సూర్యగ్రహణం నీడ ఉస్మానియా వాళ్ల జపాల్-రంగాపూర్ వేధశాల మీదుగా పోయింది. మా ఊరు కూడా ఆ దారిలోనే. మా నాయనమ్మకు అప్పుడు ఆరో నెల. కదలకుండా పండుకోమని దొరసాని కబురు పంపిందట. నాట్లప్పుడు, కోతలప్పుడు పంపని కబురు. ఆమె మాత్రం బర్రె విడిపించుకుపోయిందని వెతుక్కుంటూ చీకట్లోనే చేలన్నీ తిరిగింది. ఆ కడుపులో ఉన్న మా బాబాయి ఇవాళ ఆటో నడుపుతున్నాడు. పెదవులు రెండూ బాగానే ఉన్నాయి, బేరం ఆడేటప్పుడు వినాలి.

ఇవన్నీ మాట్లాడుకున్నాక పిల్లలే జాబితా మార్చారు. టెలిస్కోపును గుడివీధి మొగలో పెట్టారు. మబ్బులు వస్తున్నాయి, పోతున్నాయి. పదకొండు దాటాక చంద్రుడు రాగిరంగుకు తిరిగాడు. భూమి చుట్టూ ఉన్న గాలి సూర్యుడి వెలుగును వంచి, నీలాన్ని చెదరగొట్టి, ఎరుపును మాత్రం నీడలోకి పంపుతుంది, అందుకే ఆ రంగు. గుడి తలుపులు మూసే ఉన్నాయి. మేడల మీద కిటికీలు ఒక్కొక్కటే తెరుచుకున్నాయి. ఒక గర్భిణి భర్తతో దిగి వచ్చింది. ఆ సెకండియర్ అమ్మాయే కుర్చీ వేసి కూర్చోబెట్టి చూపించింది. తర్వాత ఒక పెద్దాయన వచ్చి, "ఎవరమ్మాయివి పాపా?" అన్నాడు. ఆ ప్రశ్నకు అర్థం మనకు తెలుసు.

"బీఎస్సీ సెకండియర్ అండీ. కన్ను దగ్గర పెట్టి చూడండి. గొట్టం ముట్టుకోవద్దు, కదిలిపోద్ది" అంది.

ఆయన చేతులు వెనక్కి కట్టుకొని చూశాడు.

ఆ అమ్మాయి హాస్టల్లో ఉండదు కాబట్టి ఆ రాత్రి రాగలిగింది. ఖగోళం రాత్రి చదువు. మన ఆడపిల్లల హాస్టల్ గేటు సాయంత్రం ఆరున్నరకే పడుతుంది. ఎంత మందికి ఈ చదువు అక్కడే ఆగిపోతుందో క్లబ్బులేవీ లెక్క వేయవు. కార్ల్ సాగన్‌లా సైన్సు రచయిత కావాలనుకున్న రోహిత్ వేముల 2016 జనవరి 17న వెళ్లిపోయాడు. నక్షత్రాలను ప్రేమించే పిల్లలు మన ఇళ్లలో లేరని ఎవరైనా అంటే నాకు ఒళ్లు మండుతుంది. నెలకు ఒక రాత్రి అనుమతి ఇవ్వాలని పదకొండు మంది అమ్మాయిలు సంతకాలు పెట్టి ఇచ్చారు. కాగితం ఇంకా బల్ల మీదే ఉంది. తీసుకెళ్లి తీసుకురావడానికి బాబాయి ఆటో సిద్ధం.

2027 ఆగస్టు 2న సూర్యగ్రహణం ఉంది. మనకు పాక్షికంగా, సాయంత్రం పూట, గేటు పడకముందే కనిపిస్తుంది. ఎక్స్‌రే ఫిల్ములు, మసి పట్టించిన గాజు పనికిరావు, కళ్లు పోతాయి. గ్రహణం కళ్లద్దాలు కావాలి, లేదా 14వ నంబరు వెల్డింగ్ గాజు. మీ ఊళ్లో వెల్డింగ్ షాపులో పనిచేసే మన తమ్ముళ్లను ఇప్పుడే అడిగి పెట్టుకోండి.