వాలు అద్దపు లారీ

గుడియాత్తంలో మా చిన్నాన్నగారు రెండవ ప్రపంచయుద్ధకాలపు షెవర్లే సైనిక లారీ నొకదానిని బాగుచేయించుచున్నారు. ఆ యుద్ధమునకై కెనడాలో ఫోర్డు, షెవర్లే కంపెనీలు ఇట్టి బండ్లను 4,00,000కు పైగా నిర్మించినవి. దీని ముందరి అద్దము అడుగువైపు లోనికి వాలియుండును.

"వంకరగా నున్నదయ్యా, రేకు కోసి నిలువుగా బిగింతును" అని వేలూరు నుండి వచ్చిన మేస్త్రి యనెను. చిన్నాన్నగారు వలదనిరి. అద్దముపై ఎండ తళుకు విమానములకు కనబడకుండుటకే ఆ వాలు. కోసిన రేకు అతుకునే గాని మునుపటిది కాదు. బ్రేకులను, తీగెలను మాత్రము క్రొత్తవి వేయించిరి. అవి ప్రాణరక్షణకు సంబంధించినవి.

మన యిండ్లలోని తెలుగునకును ఇదియే నీతి. అవసరమునకు క్రొత్తమాట చేర్చుకొందము. కారణ మెరుగక పాతమాటను కోసివేయకుందము.