కుక్క ముందే మొరిగిందా?

పోర్ట్ బ్లెయిర్ పేరు 2024లో శ్రీ విజయపురం అయింది. మా హాడోలో ఇల్లు అద్దెకిచ్చేవాళ్ళ మొదటి ప్రశ్న మాత్రం మారలేదు: "మీరే కులపోళ్ళు?"

శ్రీలంక నుంచి వచ్చిన విద్యార్థినిని కూడా అదే అడిగారు! వన్యప్రాణి సంరక్షణ వృత్తిలోకి వెళ్ళాలని చదువుకుంటున్న అమ్మాయి. ఇక్కడి జూలాజికల్ సర్వే ప్రాంతీయ కేంద్రంలో తాబేళ్ళ నమూనాలు చూడాలని వచ్చింది. సిక్కోలు నుంచి వచ్చి స్థిరపడిన మా వాళ్ళే మూడిళ్ళలో గది లేదన్నారు. చివరికి మా మేడమీది గది ఇచ్చాం.

మొదటి రాత్రి భోజనాల దగ్గర సునామీ సంగతి ఎత్తాను. 2004 డిసెంబరు 26న భూమి కదలకముందే, తెల్లవారుజామున మా కుక్క మొరిగిందని గొప్పగా చెప్పాను.

"అంతకుముందు రోజు మొరగలేదా అంకుల్?" అంది.

నా దగ్గర జవాబు లేదు. మొరిగే ఉంటుంది. ఏమీ జరగని రోజుల మొరుగుడు ఎవరు గుర్తు పెట్టుకుంటారు?

తర్వాత తమ దేశం సంగతి చెప్పింది. యాలా జాతీయ పార్కులో ఏనుగులు సునామీని ముందే పసిగట్టి పారిపోయాయని అప్పట్లో ప్రపంచమంతా చెప్పుకున్నారు. కానీ అక్కడ రెండు ఏనుగుల మెడలకు అప్పటికే ఉపగ్రహ కాలర్లున్నాయి. వాటి కదలికలు చూస్తే అలా పారిపోయిన జాడ లేదని 2006లో పరిశోధకులు ప్రచురించారు. "రెండు ఏనుగులతో అంతా తేలిపోదు. కానీ కథకన్నా కొలత నయం కదా" అంది.

ఏళ్ళ తరబడి బాబాలను ఆధారం అడిగినవాణ్ణి. నా కుక్కను మాత్రం అడగలేదు. అది నా అనుభవం కాబట్టి!

ఆ అమ్మాయి నిలదొక్కుకోవడం తేలిక కాలేదు. ఒక కాగితం లేదని ఒక ఆఫీసువాళ్ళు పదకొండు రోజులు తిప్పారు. చేతిలో డబ్బు అయిపోతోంది, టిక్కెట్టు కొనుక్కుని వెళ్ళిపోతానంది. రోజూ వెంట వెళ్ళాను. హిందీలో మాట్లాడాను, అర్జీలు రాశాను. అద్దె తర్వాత చూసుకుందామన్నాను. పన్నెండో రోజు పని అయింది.

ఇందులో దయ కన్నా అవసరమే ఎక్కువ. లిటిల్ అండమాన్‌లో గుడ్లు పెట్టిన లెదర్‌బ్యాక్ తాబేళ్ళకు ట్రాన్స్‌మిటర్లు కట్టి చూస్తే, కొన్ని ఆస్ట్రేలియా వైపు, కొన్ని ఆఫ్రికా వైపు వెళ్ళాయి. ఒక్క దేశంవాళ్ళు కాపాడితే అవి మిగలవు. తాబేలుకు వీసా అక్కర్లేదు, దాన్ని చదివేవాళ్ళకు కావాలి. గది, అన్నం, తోడు కూడా కావాలి.

మీ ఊళ్ళో ఖాళీ గది ఉంటే ఇలాంటి పిల్లలకివ్వండి. అద్దె కాస్త తగ్గినా, ప్రశ్నలు మాత్రం తగ్గవు.