పేరు అదే, చెయ్యి వేరే

"నెట్ ఆగిపోయినట్టుంది, చూడు" అన్నాను మా వాడితో.

రిమోట్ వాడి చేతిలోనే ఉంది. "నెట్ బానే ఉంది అబ్బూ. బొమ్మే కదలట్లేదు" అన్నాడు.

అది 2025 అక్టోబరు 12, ఆదివారం. ఇషా నమాజ్ అయింది, దస్తర్‌ఖాన్ ఎత్తేశాం. గవర్నర్‌పేటలో బీసెంట్ రోడ్డు వెనక సందులో, మూడో అంతస్తులో ఉంటాం మేము. బజారు గోల ఇంకా పైకి వినిపిస్తూనే ఉంది. 'వన్ పంచ్ మ్యాన్' మూడో సీజన్ ఆ రాత్రే మొదలైంది. ఆరేళ్ళ ఇంతెజార్. మా బేగం సమోసాలు కూడా వేయించింది. పది నిమిషాలయ్యేసరికి మా వాడు సమోసా చేతిలో పెట్టుకుని తినడం మానేశాడు. వాడు తిండి మానడమంటే మా ఇంట్లో చిన్న సంగతి కాదు.

ఇది చదివే ఖాలాలూ ఫుప్పీలూ "అనిమే అంటే ఏంటి బాబూ" అని అడుగుతారు కాబట్టి రెండు ముక్కలు. జపాన్ వాళ్ళ బొమ్మల సీరియల్స్‌ని అనిమే అంటారు. ఇందులో హీరో సైతామా. ఇంటర్వ్యూలకి తిరిగి తిరిగి ఉద్యోగం దొరకని మామూలు మనిషి. ఒకరోజు ఒక పిల్లాణ్ణి రాక్షసుడి నుంచి కాపాడతాడు. ఆ తర్వాత మూడేళ్ళు రోజూ వంద పుషప్స్, వంద సిటప్స్, వంద గుంజీలు, పది కిలోమీటర్ల పరుగు. ఆ మెహనత్‌కి జుట్టంతా ఊడిపోతుంది, బలం మాత్రం బేహద్ వచ్చేస్తుంది. ఎంతటి రాక్షసుడైనా ఒక్క గుద్దుకే ఔట్. కష్టం అక్కడే మొదలవుతుంది. దేన్నైనా ఒక్క గుద్దుతో గెలిచేవాడికి గెలుపులో మజా ఏముంటుంది? అయినా వాడు సూపర్ మార్కెట్‌లో తగ్గింపు ధరల రోజు కోసం ఎదురు చూస్తూ, ఇరుకు గదిలో బతుకుతుంటాడు. వన్ అనే కలం పేరున్న ఆయన 2009లో ఈ కథని తన వంకర టింకర గీతలతోనే ఇంటర్నెట్‌లో పెట్టాడు. 2012 నుంచి యూసుకే మురాతా అనే ఉస్తాద్ దాన్ని కొత్తగా గీస్తున్నాడు. ఆయన ఆన్‌లైన్‌లో వేసిన కొన్ని పేజీలు గబగబా తిప్పితే బొమ్మ నిజంగానే కదులుతుంది.

నలభై దాటిన నాకు దీంతో ఏం పని అంటారా? 2020 లాక్‌డౌన్‌లో పేపర్లన్నీ పేజీలు తగ్గించుకున్నాయి. నేను పనిచేసే చోట నన్నూ తగ్గించారు. అప్పుడు మా వాడికి పదేళ్ళు. స్కూలు లేదు వాడికి, ఆఫీసు లేదు నాకు. 2015లో వచ్చిన మొదటి సీజన్ పన్నెండు ఎపిసోడ్లూ ఇద్దరం కలిసి చూశాం. ఉద్యోగం లేని హీరోని చూసి వాడు నవ్వేవాడు, నేను నవ్వినట్టు చేసేవాణ్ణి. తర్వాత ఇద్దరం డాబా ఎక్కి పుషప్స్. వాడు ముప్ఫై, నేను పన్నెండు. జుట్టు ఊడడం వరకు మాత్రం నేనే ముందున్నాను. ఆ నాలుగు నెలలు నేను ఇంట్లో ఎవరి మీదా అరవకుండా గడిచాయంటే అందులో ఆ సీరియల్ హిస్సా కొంత ఉంది. అందుకే దీని మీద మాట్లాడే హక్ నాకుందనుకుంటాను.

మొదటి సీజన్ చేసింది మ్యాడ్‌హౌస్ అనే స్టూడియో. దర్శకుడు షింగో నత్సుమే తనకి తెలిసిన గొప్ప కారీగర్లని, ఏ స్టూడియోకీ కట్టుబడని వాళ్ళని, ఒక్కొక్కరినీ పిలిపించి చేయించాడు. అయిదో ఎపిసోడ్‌లో సైతామాకీ శిష్యుడు జెనోస్‌కీ మధ్య ఉత్తుత్తి పోటీ ఉంటుంది. సైతామా గుద్దు జెనోస్ మొహానికి వెంట్రుకవాసిలో ఆగుతుంది. దెబ్బ తగల్లేదు. ఒక్క క్షణం చప్పుడు లేదు. తర్వాత గాలి. జెనోస్ వెనక్కి తిరిగి చూస్తే అక్కడ ఉండాల్సిన కొండ లేదు. నేను దాన్ని పదిసార్లైనా చూసుంటాను. ఆ గుద్దు ఎంత బలమైందో ఎవరూ నోటితో చెప్పరు. చెయ్యి ఎలా లేచింది, ఎక్కడ ఆగింది, గాలి ఎంత ఆలస్యంగా వచ్చింది, అంతే. కొట్లాట అంటే దెబ్బ కాదు, దెబ్బకి ముందూ వెనకా అని నాకు అప్పుడే అర్థమైంది.

2019లో రెండో సీజన్ జె.సి.స్టాఫ్ అనే స్టూడియో చేతికి వెళ్ళింది. తగ్గింది, కానీ సబర్ చేశాం. మూడోదీ వాళ్ళదే. ఇక్కడ సబర్ అయిపోయింది.

అసలు ఈ సీజన్‌కి ప్రాణం సైతామా కాదు, గరో. హీరోలని వేటాడే కుర్రాడు, రాక్షసుణ్ణి అవుతానని పట్టుబట్టినవాడు, కానీ ఒక చిన్న పిల్లాడికి ఆపద వస్తే చూసి ఊరుకోలేడు. దెబ్బలతో ఒళ్ళు హూనమై ఉండి కూడా ఆ పిల్లాడి కోసం రాక్షసులకి ఎదురు నిలబడతాడు. పుస్తకంలో ఆ పేజీలు చూస్తే ఊపిరి ఆడదు. తెర మీద? నిలబడ్డ బొమ్మ మీద కెమెరా అటూ ఇటూ పాకుతుంది. మొహం, గీతలు, తెల్లటి మెరుపు, మళ్ళీ మొహం. ఎవరు ఎవర్ని ఎక్కడ కొట్టారో మనమే ఊహించుకోవాలి. గరో వాలు మీంచి దిగే సీన్ అయితే కాగితం బొమ్మని బల్ల మీద జారుడు బండలా జార్చినట్టుంది. దునియా అంతా దాన్ని చూసి నవ్వింది. నాకు నవ్వు రాలేదు. కాళ్ళకి బరువు లేకపోతే వాడు పడిన కష్టానికీ బరువు ఉండదు. గొంతులు ఇచ్చినవాళ్ళు జాన్ పెట్టి పనిచేశారు, పాట కూడా దుమ్ము లేపింది. అందుకే ఇంకా బాధ. పెళ్ళికి బ్యాండ్ వచ్చింది, దూల్హా రాలేదు.

దానికి సరిగ్గా నెల ముందు, సెప్టెంబరు 12న 'డీమన్ స్లేయర్: ఇన్ఫినిటీ కాసిల్' సినిమా తెలుగు మాటలతోనే మన హాళ్ళకి వచ్చింది. మా వాడు నన్ను లాక్కెళ్ళాడు. చిన్నప్పుడు అబ్బా నన్ను ఈ పేట హాళ్ళకి కృష్ణ సినిమాలకి తీసుకెళ్ళేవాడు, ఇప్పుడు కొడుకు నన్ను జపాన్ కత్తియుద్ధానికి తీసుకెళ్ళాడు. ఆ సినిమాలో ప్రతి కత్తివేటుకీ ఒక వజన్ ఉంది. సినిమానీ వారం వారం వచ్చే సీరియల్‌నీ ఒకే తక్కెడలో పెట్టడం ఇన్సాఫ్ కాదు, ఒప్పుకుంటాను. కానీ కడుపునిండా బిర్యానీ తిన్న నాలుకకి మర్నాడే చప్పటి కిచిడీ పెడితే ఏమనిపిస్తుంది?

మా అబ్బాకి ఇబ్నె సఫీ అంటే పిచ్చి. హైదరాబాద్ వెళ్ళిన ప్రతిసారీ పాత 'ఇమ్రాన్ సిరీస్' నవలలు ఓ కట్ట తెచ్చేవాడు. ఉర్దూ మీడియంలో చదివిన నాకు బడి పుస్తకాలకంటే ఆ నవలలే ఉర్దూ బాగా నేర్పాయి. 1960 నుంచి మూడేళ్ళు ఇబ్నె సఫీ మానసికంగా జబ్బుపడి ఒక్క అక్షరం రాయలేదు. ఆ ఖాళీలోకి దొంగ ఇమ్రాన్‌లు దిగారు. రచయిత పేరులో ఒక్క అక్షరం అటూ ఇటూ మార్చి, అదే ఇమ్రాన్, అవే చిలిపి మాటలు. 1963లో ఆయన కోలుకుని 'డేఢ్ మత్‌వాలే' రాశాకే అసలు ఇమ్రాన్ తిరిగొచ్చాడు. అబ్బా దగ్గర దొంగ నవలలు కూడా ఉండేవి. రెండో పేజీలోనే పట్టేసేవాడు. "నామ్ వహీ హై, హాథ్ దూస్రా హై" అని పక్కన పడేసేవాడు. ఆ ఆదివారం రాత్రి నాకు అబ్బా గొంతే వినపడింది. ఇక్కడ దొంగతనమేమీ లేదు, అన్నీ హక్కులతోనే జరిగాయి. కానీ పేరు చూసి వచ్చినవాడికి చెయ్యి మారిందని తెలియడానికి రెండు పేజీలు చాలు.

ఇంతవరకూ నా ఫిర్యాదు. ఇక మా ఇంటి సంగతి.

మూడో వారం అనుకుంటా, మా వాడి ఫోన్ చార్జింగ్‌కి పెడుతుంటే తెర మీద కనపడింది. ఈ సీజన్ దర్శకుడు షిన్‌పేయ్ నగాయ్ పేరు, దాని కింద మా వాడు ఇంగ్లీషులో రాసిన ఒక మాట. ఇక్కడ రాయను. మా అమ్మీ వింటే తౌబా తౌబా అని చెవులు మూసుకునే మాట. అప్పటికే జనం తిట్లు తట్టుకోలేక ఆయన తన ఎక్స్ ఖాతా మూసేసుకున్నాడు.

"యే క్యా హై రే?" అన్నాను.

"అందరూ అంటున్నారు అబ్బూ. మోసం చేశాడుగా మనల్ని."

తిట్టబోయి ఆగాను. ఎందుకంటే నేనూ ఆ రోజు పొద్దున ఆఫీసులో ఇంచుమించు అదే మాట అన్నాను, కాస్త ఇజ్జత్‌గా. బాగాలేదని చెప్పడం వేరు, మనిషి వెనక మాంసం తినడం వేరు. గీబత్ గురించి మనం పిల్లలకి చెప్పేది అదే కదా. కానీ ఆ హద్దు ఎక్కడుందో వాడికి నేనెప్పుడు చూపించాను?

అందుకని నా కథ చెప్పాను. పాతికేళ్ళ వయసులో ఒక సాయంత్రం ఏడింటికి నాకు పూర్తి పేజీ అప్పగించారు, పదింటికి అచ్చుకి పోవాలి. ఊళ్ళ పేర్లు తారుమారయ్యాయి, ఫోటో కింద వేరే ఫోటో వివరం పడింది. మర్నాడు ఫోన్లు, నవ్వులు. పేజీ మీద పేరు నాది. ఏడింటికి ఇచ్చినవాడి పేరు ఎక్కడా లేదు. అనిమేలోనూ చాలావరకు అంతే. ప్రచురణకర్తలు, టీవీ, పాటల కంపెనీలు కమిటీగా చేరి డబ్బు పెడతాయి, హక్కులూ లాభాలూ వాళ్ళవే. స్టూడియోకి కూలీ. కింద బొమ్మలు గీసేవాళ్ళలో చాలామందికి బొమ్మకింత, ముక్కకింత అని లెక్క. 1963లో తెజుకా తన 'ఆస్ట్రో బాయ్'ని టీవీకి తక్కువ డబ్బుకి, తక్కువ బొమ్మలతో చేసి దారి వేశాడు, ఆ దారిలోనే ఇంకా నడుస్తున్నారు. సీజన్ పాడైందంటే తప్పు కలం పట్టినవాడిదేనా, టైం ఇవ్వనివాడిది కాదా?

"అయితే బాలేదని అనకూడదా?" అన్నాడు.

"అను. నేను రాస్తాను కూడా. మనిషిని కాదు, పనిని అను."

వాడు ఆ మాట తీసేశాడు. ఒప్పుకుని తీసేశాడో, నా మొహం చూసి తీసేశాడో అడగలేదు.

అసలు విషయం ఇంకొకటుంది. వాడికి పదిహేనేళ్ళు, యానిమేటర్ అవుతానంటాడు. లెనిన్ సెంటర్‌లో పాత పుస్తకాలతో పాటు కొన్న ఒక లావు నోటుబుక్ మూలల్లో గరో తన్నే తన్ను గీస్తున్నాడు. సెకనుకి ఇరవై నాలుగు ఫ్రేములట, ఒక్కో బొమ్మని రెండు ఫ్రేములకి వాడినా పన్నెండు కావాలి. ఒక్క సెకను తన్నుకి రెండు సాయంత్రాలు పట్టింది. పేజీలు తిప్పి చూపించాడు. కాలు లేచింది, తిరిగింది, ఏడో బొమ్మ దగ్గర మాత్రం మోకాలు పొట్టిదైపోయి ఎగిరినట్టయింది.

"ఇక్కడ జారింది" అన్నాను.

"తెలుసు" అన్నాడు కొంచెం కోపంగా.

సీజన్ డిసెంబరు చివర్లో అయిపోయింది. పన్నెండూ చూశాం, వదల్లేకపోయాం. అది అయ్యాక వాడే మొదటి సీజన్ తొమ్మిదో ఎపిసోడ్ పెట్టమన్నాడు. అందులో మ్యూమెన్ రైడర్ అని ఒకడుంటాడు. శక్తులేమీ లేవు, సైకిల్ ఒక్కటే. గెలవలేనని తెలిసి కూడా సముద్ర రాక్షసుడి ముందు నిలబడతాడు. 2020లో అది చూస్తూ నేను కళ్ళు తుడుచుకుంటే వాడు "అబ్బూ రోతే!" అని ఇల్లంతా చాటాడు.

ఈసారి వాడు మధ్యమధ్యలో ఆపి, వెనక్కి తిప్పి, ఒక్కో బొమ్మా చూస్తున్నాడు.

"ఈ ఒక్క సీన్ గీయడానికి ఎన్ని రోజులు పట్టుంటుంది అబ్బూ?"

నాకు తెలియదన్నాను. "వాళ్ళకి సరిగ్గా డబ్బులిచ్చి ఉంటారా?"

దానికీ నా దగ్గర జవాబు లేదు. కింద బీసెంట్ రోడ్డులో షట్టర్లు దించుతున్నారు. వాడు నోటుబుక్ తెచ్చుకుని, ఏడో బొమ్మ చెరపడం మొదలుపెట్టాడు.