మందుపాతర తీశాక మిగిలే లెక్క

మందుపాతర గాయం పైకి కనిపించేంతే ఉండదు. పేలుడు కింది నుంచి పైకి తన్నుతుంది. మట్టి, గడ్డి, చెప్పు ముక్కలు, చివరికి ఆ మనిషి సొంత పాదం ఎముకలు కూడా కండరాల పొరల నడుమ మోకాలి దాకా దూసుకుపోతాయి. పిక్క మీద చర్మం బాగానే ఉంటుంది, లోపల కండ చచ్చిపోయి ఉంటుంది. అందుకే యుద్ధ క్షతగాత్రులకు వైద్యం చేసిన రెడ్‌క్రాస్ సర్జన్లు ఒక నియమం నేర్పారు. చచ్చిన కండనంతా తీసెయ్యాలి, ఆ రోజే కుట్లు వెయ్యకూడదు. నాలుగైదు రోజులు గాయాన్ని తెరిచే ఉంచి, శుభ్రంగా ఉందని తేలాకే మూయాలి. పైపై చూపును నమ్మి కుట్టేస్తే లోపల కుళ్లుతుంది.

మందుపాతరలు తీయించడానికి డబ్బిచ్చే దేశాల సాయాన్ని కూడా ఇలాగే పొరలు విప్పి చూడాలని నా నమ్మకం. కొండాపూర్‌లో ఎముకల వైద్యం చేసే నాకు ఈ సంగతులతో ఏం పని అని అడిగేవాళ్లున్నారు. యెమెన్, సూడాన్‌ల నుంచి వైద్యం కోసం హైదరాబాద్ వచ్చేవాళ్లు ఉన్నారు. మన గేటెడ్ కమ్యూనిటీల దగ్గర కాపలా కాసేవాళ్లలో ములుగు, భద్రాచలం అడవి పల్లెల పిల్లలున్నారు. ఈ రెండు దారుల్లోనూ మందుపాతరకు దెబ్బతిన్న కాళ్లు నా టేబుల్ ముందుకు వచ్చాయి.

ఒక యెమెన్ కుర్రాడు. పన్నెండేళ్లుంటాయి. మేకల వెంట వెళ్లి కుడి కాలు మోకాలి కింద పోగొట్టుకున్నాడు. తండ్రి చెప్పేది టోలీచౌకి నుంచి వచ్చిన దుబాసీ నాకు హిందీలో చెబుతున్నాడు. కృత్రిమ కాలు విప్పి చూస్తే, మొండి చివర చర్మం ఎర్రగా కంది, నిగనిగలాడుతూ పలచబడిపోయింది. దాని కింద ఎముక మొన నా వేలికి తగిలింది. తగలగానే పిల్లవాడు కాలు లాక్కున్నాడు. ఎదిగే పిల్లల్లో ఇది తరచూ జరిగేదే. కోసిన చోట ఎముక చర్మం కంటే వేగంగా పెరిగి, మొన తేలి, చర్మాన్ని చీల్చుకుని బయటికి రావాలని చూస్తుంది. ఆపరేషన్ చేసి మొన తగ్గించాలి. కొన్నేళ్లకు మళ్లీ చెయ్యాల్సి రావచ్చు. ఎదుగుదల ఆగేదాకా కృత్రిమ కాలు కూడా దాదాపు ఏడాదికోసారి మార్చాలి.

వాడు పెట్టుకున్న కాలు మంచిదే. దాన్ని ఇచ్చిన దేశం జెండా స్టిక్కర్ సాకెట్ మీద ఇంకా చెక్కుచెదరలేదు. కాలు మాత్రం రెండేళ్ల కిందటి కొలతది. ఆ కేంద్రానికి మళ్లీ ఎందుకు వెళ్లలేదని అడిగితే, ఆ కార్యక్రమం గడువు ముగిసిందని తండ్రి చెప్పాడు. దాత దేశం కాగితాల్లో ఈ పిల్లవాడు సాయం అందిన ఒక లబ్ధిదారుడు. నా దగ్గర మాత్రం నడవలేని పిల్లవాడు.

మందుపాతరల పనిలో ఐదు భాగాలున్నాయని ఐక్యరాజ్యసమితి చెబుతుంది: నేలను శుభ్రం చేయడం, జనానికి జాగ్రత్తలు చెప్పడం, బాధితులను ఆదుకోవడం, నిల్వలను ధ్వంసం చేయడం, నిషేధం కోసం కృషి చేయడం. డబ్బులో సింహభాగం మొదటిదానికే పోతుంది, బాధితులకు దక్కేది చాలా చిన్న వాటా. మొదటి పనిని నేను తక్కువ చేయను. మూడు డాలర్లకు తయారయ్యే మందుపాతరను తీయడానికి మూడు వందల నుంచి వెయ్యి డాలర్ల దాకా అవుతుందని అంచనా. మోకాళ్ల మీద కూర్చుని అంగుళం అంగుళం నేలను తడిమేవాళ్లు చేసేది నా వృత్తి కంటే గొప్ప పని. వాళ్లు ఒక పాతర తీస్తే నాకు ఒక ఆపరేషన్ తప్పుతుంది. కానీ 2023లో లోకం మొత్తం మీద మందుపాతరలకు, యుద్ధాల్లో పేలకుండా మిగిలిన మందుగుండుకు చనిపోయినవాళ్లు, గాయపడ్డవాళ్లు కలిపి 5,757 మంది అని ల్యాండ్‌మైన్ మానిటర్ నివేదిక లెక్కగట్టింది. వాళ్లలో వివరాలు తెలిసినవాళ్లలో 84 శాతం మామూలు జనం. చదరపు మీటర్లు, తీసిన పాతరల సంఖ్య ఎంత పెద్దవైనా, ఈ సంఖ్య తగ్గకపోతే సాయం ఫలించిందని నేను అనలేను.

మన దేశం కూడా దాతే. 2009 మేలో శ్రీలంకలో యుద్ధం ముగిశాక, ఉత్తర ప్రాంతంలో మందుపాతరలు తీయడానికి మన ప్రభుత్వం పూర్తిగా తన ఖర్చుతో ఏడు బృందాలను పంపింది. సర్వత్ర, హొరైజన్ అనే రెండు భారతీయ సంస్థల్లో పనిచేసిన విశ్రాంత సైనిక ఇంజనీర్లు ఆ పని చేశారు. 2010లో అక్కడి నిర్వాసితులుండే మెనిక్ ఫామ్‌లో సుమారు 1,400 మందికి కృత్రిమ కాళ్లు, చేతులు అమర్చారు. నేల బాగు చేసే చేత్తోనే మనిషికీ కాలు పెట్టడం అవసరమైన పని. వైద్యుడిగా దానికి నేను మంచి మార్కులే వేస్తాను.

అయినా అడగాల్సింది ఒకటుంది. కృత్రిమ కాలు మూడు నుంచి ఐదేళ్లు వస్తుంది. 2010లో అమర్చిన కాలు ఈపాటికి మూడుసార్లయినా మార్చాల్సినది. కాళ్లు అమర్చే శిబిరం కొద్ది వారాల్లో ముగుస్తుంది, వైకల్యం జీవితాంతం ఉంటుంది. అందుకే ఎన్ని శిబిరాలు పెట్టారన్నదాని కంటే, కాలు తయారు చేయగల స్థానిక టెక్నీషియన్లను ఎందరిని తయారు చేశారన్నది నాకు పెద్ద ప్రశ్న. జాఫ్నాలో కృత్రిమ కాళ్లు తయారు చేస్తూ ఏళ్లుగా నడుస్తున్న జైపూర్ కేంద్రం లాంటివే అసలు ఆసరా. దాత మనసు మారితే ఏమవుతుందో 2025 జనవరిలో చూశాం. ప్రపంచంలో ఈ పనికి అప్పటిదాకా అందరికంటే ఎక్కువ ఇస్తూ వచ్చిన అమెరికా విదేశీ సాయాన్ని నిలిపివేయగానే, కాంబోడియాతో సహా పలు దేశాల్లో మందుపాతరలు తీసేవాళ్లు పని ఆపాల్సి వచ్చింది.

ఇక మన ఇంటి సంగతి. వాజేడు వైపు నుంచి యాభై దాటిన ఒక కోయ రైతు వచ్చాడు. కొడుకు కొండాపూర్‌లో ఒక ఐటీ కంపెనీ గేటు దగ్గర సెక్యూరిటీ గార్డు. వెదురు కోసం అడవికి వెళ్తే ప్రెషర్ బాంబు పేలి ఎడమ పాదం పోయింది. ప్రాణం నిలిచింది, కృత్రిమ కాలు కూడా దొరికింది. కానీ ఆ కాలు బురదలో నడవడానికి పనికిరాదు, వరి మడిలో దిగడానికి పనికిరాదు. సాకెట్ అంచు ఒరుసుకుని మొండి మీద పుండు పడింది. డ్రెస్సింగ్ చేస్తుంటే అడిగాడు: "సార్, కాలైతే ఇచ్చిన్రు. ఇది ఖరాబైతే మళ్ల ఎవర్ని అడగాలె?"

వాళ్ల ఊళ్లకు దగ్గర్లోనే కర్రెగుట్టలు. గుట్టలెక్కొద్దు, బాంబులు పెట్టామని 2025 ఏప్రిల్‌లో మావోయిస్టులే జనాన్ని హెచ్చరించారు. ఏప్రిల్ 21 నుంచి మే 11 దాకా అక్కడ సాగిన గాలింపులో 450 ఐఈడీలు (నాటు బాంబులు) దొరికాయని కేంద్ర బలగాలు ప్రకటించాయి. మే 8న మందుపాతర పేలి ముగ్గురు గ్రేహౌండ్స్ పోలీసులు ప్రాణాలు విడిచారు. అంతకు ముందు ఏడాది జూన్‌లో కొంగాల అడవిలో కట్టెలకు వెళ్లిన ఒక వ్యక్తి పేలుడుకు బలయ్యాడు.

బలగాలు నడవడానికి దారి చేసుకోవడం ఒక పని. తునికాకు, ఇప్పపువ్వు ఏరుకునే ఆడవాళ్లు భయం లేకుండా తిరిగేలా నేలను పూర్తిగా శుభ్రం చేసి, ఇది సురక్షితం అని ఊరికి రాసివ్వడం ఇంకో పని. రెండోదే మానవతా పని. మందుపాతరలను నిషేధించిన 1997 ఒటావా ఒప్పందంలో భారత్ లేదు. అందుకని శ్రీలంక తమిళ రైతుకు చేసిన సాయం వాజేడు కోయ రైతుకు చేయకూడదని ఏ ఒప్పందమూ చెప్పదు.

ప్రభుత్వానికి నా విన్నపం ఇది. ఏ బాట, ఏ వాగు, ఏ పోడు ముందు శుభ్రం కావాలో గ్రామసభలనే అడగండి. తనిఖీ పూర్తయిన నేల మ్యాపును తెలుగులోనూ కోయలోనూ పంచాయతీ ఆఫీసు గోడకు అంటించండి. వైకల్య సర్టిఫికెట్, నెలకు 4,016 రూపాయల పింఛనుతో ఆపకుండా, ప్రతి బాధితుడికీ తర్వాతి కాలు ఎప్పుడు, ఎక్కడ ఇస్తారో తేదీతో రాసివ్వండి. భద్రాచలంలోనో ఏటూరునాగారంలోనో కాళ్లు తయారు చేసే ఒక వర్క్‌షాప్ పెట్టండి. లాభాల్లో రెండు శాతం సమాజానికి ఖర్చు పెట్టాల్సిన కంపెనీలు ఈ కొండాపూర్, మాదాపూర్ రోడ్ల మీదే ఎన్నో ఉన్నాయి. వాళ్లు ఆ వర్క్‌షాపును పదేళ్లు నడిపిస్తామని మాటిస్తే చాలు. ఆ రైతు అడిగిన ప్రశ్నకు జవాబు దొరుకుతుంది.